అదురున్న మిషను

నేను ఒక బుల్లి గ్రైండర్‌ని. పెట్టెమీద రోటరీ టూల్ అని గొప్పగా అచ్చు వేశారు గానీ బెజవాడలో నన్ను ఆ పేరుతో పిలిచినవాడు ఒక్కడూ లేడు. అరచేతిలో ఇమిడిపోతాను. మూతికి ఏది తగిలిస్తే ఆ పని చేస్తాను. రాయి పెడితే సాన పడతాను, బిళ్ళ పెడితే కోస్తాను, సన్న బిట్టు పెడితే చిల్లు వేస్తాను. ఎక్కడ పుట్టావంటే మాత్రం చెప్పలేను. నా పెట్టెకు మూడు పక్కల మూడు దేశాల పేర్లు ఉండేవి, నాలుగో పక్కన జాగ్రత్తలు ఉండేవి. వాటిని కూడా ఎవరూ చదవలేదు.

నాతోపాటే నా లోపమూ పుట్టింది. నా ఇరుసు వెంట్రుకవాసి పక్కకు కూర్చుంది. దాన్ని బిగించిన మనిషికి ఆకలి వేళ అయిందో, మనసు ఇంటిమీద ఉందో నాకు తెలియదు. స్విచ్చి వేయగానే ఒళ్ళంతా అదురుతాను. బల్లమీద వదిలేస్తే పాకుతూ అంచుదాకా పోతాను. మనుషులైతే ఇలాంటి అవకరాన్ని పౌడరు రాసో జాతకం దిద్దించో పెళ్ళయ్యేదాకా దాచుకుంటారు. మిషనుకు ఆ సదుపాయం లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తెలుగువాళ్ళు కొన్ని మాటల్లో మహా జాగ్రత్తపరులు. కన్ను అదురుతుంది, పెదవి అదురుతుంది, భూమి అదురుతుంది, మిషను అదురుతుంది. చెయ్యి మాత్రం వణుకుతుంది. అదురు అంటే కాసేపుండి పోయేది. వణుకు అంటే చలికో, భయానికో, ముసలితనానికో, జబ్బుకో వచ్చేది. ఆ రెండు మాటల మధ్యనున్న ఇరుకు సందులోనే నా బతుకంతా గడిచింది.

వన్‌టౌన్‌లో సాంబమూర్తి అనే ఆయన పనిముట్ల కొట్టులో నన్ను అమ్మకానికి పెట్టారు. సాంబమూర్తి లోపం చెప్పి మరీ అమ్మే మనిషి. అందుకే ఆయన కొట్టులో నేను రెండు దసరాలు చూశాను. వచ్చినవాళ్ళంతా నన్ను చేతిలోకి తీసుకుని, "స్పీడెంతండీ?" అనేవాళ్ళు. అంకె విని కళ్ళు పెద్దవి చేసేవాళ్ళు. స్విచ్చి వేశాక "అబ్బే" అని పెట్టేసేవాళ్ళు.

ఒకరోజు భార్యాభర్తలు వచ్చారు. ముందు నడిచింది తులశమ్మ. చీరలకు ఫాల్స్ కుట్టే మనిషి, మిషన్లంటే బెరుకు లేదు. వెనకాల భావనారాయణ, కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని వచ్చాడు. ఆటోనగర్‌లో ఆయన్ని గీతల భావనారాయణ అంటారట. లారీల మీద పేర్లు రాసే పెయింటరు. పేరు ఎవరైనా రాస్తారు. లారీ పొడుగునా ఈ చివర నుంచి ఆ చివరకు, చేతికింద కర్ర ఆనించకుండా, ఒక్క ఊపిరిలో సన్నగీత లాగడం మాత్రం ఆయనకే చెల్లిందని చెప్పుకునేవారు. స్టిక్కర్లు వచ్చాక లారీలు తగ్గిపోతే ఆయన ఏడుస్తూ కూర్చోలేదు. చిన్న కార్ల మీద పడ్డాడు. బొమ్మల కొట్లో దొరికే వేలెడంత మెటల్ కార్లు తెచ్చి, అడుగు విప్పి, వాటి ఆర్భాటపు రంగులు గీకేసి, చక్రాలు మార్చి, కప్పులు కోసి, మన రోడ్లమీద తిరిగే బండ్లుగా మార్చేవాడు. స్కూలు వ్యాను చేశాడు, పెళ్ళి కారు చేశాడు, సరదాపడి మునిసిపాలిటీ చెత్తబండి కూడా చేశాడు. ఇదంతా ఆకురాయితో, బ్లేడుతో, ఒట్టి చేత్తో. ఈమధ్య ఆకురాయి జారుతోందని, ఇక మిషను తప్పదని వచ్చాడు.

"స్పీడు బాగుంటదండీ దీనికి..." అని సాంబమూర్తి నా పాట మొదలుపెట్టాడు.

"స్పీడు సంగతి కాదండీ. ఎంత నెమ్మదిగా తిరుగుద్ది? సగం ప్లాస్టిక్ పని. స్పీడెక్కువైతే కరిగి ముద్దయిపోద్ది," అన్నాడు భావనారాయణ.

సాంబమూర్తి కళ్ళజోడు సర్దుకుని ఆయన వంక కొత్తగా చూశాడు. నా పరుగు అడిగినవాళ్ళే గానీ నా నిదానం అడిగినవాడు అంతవరకూ లేడు. లోపలికి వెళ్ళి నాకంటే పొట్టిదాన్ని, నునుపుదాన్ని ఒకదాన్ని తెచ్చి పక్కన పెట్టాడు. స్విచ్చి వేస్తే అది తిరుగుతోందో లేదో చూస్తేగాని తెలియలేదు. నాకు ఒళ్ళు మండింది.

భావనారాయణ జేబులోంచి కుడిచెయ్యి తీసి దాన్ని పట్టుకున్నాడు. దాని మూతికున్న సన్న బిట్టు గాలిలో చిన్న చిన్న సున్నాలు చుట్టింది. మిషను నిలకడగానే ఉంది. సున్నాలు చుడుతున్నది చెయ్యి. ఆయన గబుక్కున దాన్ని బల్లమీద పెట్టేసి భార్య వైపు చూశాడు. తులశమ్మ పక్క బీరువాలో కత్తెరలు చూసుకుంటోంది.

"అదేంటి?" అన్నాడు నన్ను చూపించి.

"దానికి అదురుందండీ. మీ పనికి పనికిరాదు, చెప్తున్నా."

"ఏదీ, ఇట్టా ఇవ్వండి."

నన్ను పట్టుకుని స్విచ్చి వేశాడు. ఎప్పటిలాగే అదిరాను. నా అదురు కింద ఇంకో అదురు తగిలింది. మొదట అదీ నాదేననుకున్నాను. స్విచ్చి ఆపాడు. నేను ఆగాను. అది ఆగలేదు. మళ్ళీ స్విచ్చి వేశాడు. ఇద్దరం కలిసి అదిరాం. ఏది ఎవరిదో ఆ కొట్టులో ఒక్కరికీ తెలియలేదు. ఆయన ముఖం తేలికపడింది.

"ఇదే కట్టండి."

"అదురుతుందండీ బాబూ!"

"అదరనివ్వండి. చేతిలో ఏదో ఉన్నట్టు తెలుస్తది."

రెండు దసరాలుగా పెళ్ళిచూపులకు కూర్చుని కాఫీలు అందించినదాన్ని నేను. ఎందుకు ఒప్పుకున్నాడని అడిగే ఓపిక నాకు లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, పెట్టెలో ఇంటికి వెళ్తూ సంతోషపడ్డాను.

వాళ్ళ ఇల్లు పటమటలో. ముందు గదిలో కిటికీ పక్కన పొడుగు బల్ల, దాని ఒక చివర తులశమ్మ కుట్టుమిషను, రెండో చివర చిన్న కార్లు, మధ్యలో నేను. ఇంటి సంగతులన్నీ అక్కడే విన్నాను. భావనారాయణకు ఏడాది కిందట కుడిచేతి బొటనవేలు దానంతట అది అదరడం మొదలైందట. మొగుడు కంగారుపడుతుంటే పెళ్ళాం నవ్వేసింది.

"కుడిపక్క అదిరితే మగాళ్ళకి మంచిదండీ. ఏదో కలిసొస్తది, చూస్తూ ఉండండి," అంది.

కలిసొచ్చింది కూడా. అదే పాపమైపోయింది. నెల తిరక్కుండా ఆటోనగర్ మెకానిక్కుల సంఘం నుంచి కబురు వచ్చింది. సంఘం పెట్టి యాభై ఏళ్ళవుతున్నాయి, ఆఫీసు హాల్లో అద్దాల పెట్టె ఒకటి పెడుతున్నారు, అందులో తెల్ల అంబాసిడర్ బొమ్మ ఉండాలి, దాని ఒంటిమీద పొడుగునా భావనారాయణ చేతి గీత ఉండాలి. తులశమ్మ వెంటనే వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. తర్వాత అదురు బొటనవేలి నుంచి చూపుడువేలికి పాకింది. చూపుడువేలి నుంచి మణికట్టుకు దిగింది. శుభం ఇంకా పెద్దదవుతోందని అనుకున్నారు. లోకంలో జబ్బుకు హారతిచ్చి లోపలికి పిలిచినవాళ్ళు ఉంటారా అంటే, నేను చూశాను, ఉంటారు.

అయితే భావనారాయణకు ఎప్పుడో తెలిసిపోయింది. పైకి అనలేదు, అంతే. ఆయన గీసిన గీతలన్నీ ఎండకు వెలిసి, వానకు ఊడి, చివరికి లారీలతోపాటు పాత ఇనుములోకి పోయాయి. అద్దాల పెట్టెలో పెట్టే గీత ఒక్కటే మిగిలేది. ఆ ఒక్కటి గీసేదాకా తన చెయ్యి సంగతి ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే పని ఇంకొకరి చేతికి పోతుంది. ఎవరికీ అంటే అందులో తులశమ్మ కూడా ఉంది.

అలా నేను మద్దెలనయ్యాను. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదని సామెత. ఇక్కడి తిరకాసేమిటంటే ఈ మద్దెల నిజంగానే ఓడుది. కాబట్టి ఆయన మాట ఎవరూ కాదనలేకపోయారు. కారు అడుగున బొత్తాముల్లాంటి రెండు రివిట్లు ఉంటాయి. వాటి నడినెత్తిన బిట్టు పెట్టి తవ్వితే అడుగు ఊడి వస్తుంది. మొదటి కారుకు బిట్టు జారి అడుగంతా గీరుకుపోయింది. "మిషను అదురుతోంది," అన్నాడు. రెండోదానికి చక్రం పైనున్న వంపు అరగదీస్తూ తలుపులోకి కోసేశాడు. "పాడు మిషను," అన్నాడు. నేను కాదని ఎలా అంటాను? నాలో అదురు ఉన్న మాట నిజం. ఆ తప్పులో నా వాటా ఎంతో, ఆయన వాటా ఎంతో తూకం వేసే త్రాసు ఎక్కడా లేదు.

తులశమ్మకు మిషను అదరడమంటే తెలుసు. తన కుట్టుమిషను కాళ్ళకింద మడత గుడ్డలు పెట్టి మాట వినేలా చేసుకున్న మనిషి. నన్నూ అలాగే దారికి తేవాలని చూసింది. నా నడుముకు సైకిల్ ట్యూబు చుట్టింది. బల్లమీద నా కింద పాత దుప్పటి మడిచి పెట్టింది. ఆయుధపూజ నాడు నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ తిప్పి, "ఇక అదరకే తల్లీ," అని దణ్ణం పెట్టింది. నాకు ఎవరైనా దణ్ణం పెట్టడం అదే మొదలు. ఆవిడ కోరిన ఆ ఒక్క పనీ నా వల్ల కాదు. నేను అదరడం మానితే ఆయన బయటపడతాడు.

ఆయన మాత్రం దాక్కోవడంలో ఆరితేరాడు. కాఫీ సగం గ్లాసే పోయమనేవాడు. అన్నం కలిపి ముద్ద ఎత్తితే మెతుకులు రాలేవి. "అన్నం వేడికి చెయ్యి కాలుతోందే," అనేవాడు. తులశమ్మ మర్నాటి నుంచి అన్నం చల్లార్చి పెట్టేది. మెతుకులు అప్పుడూ రాలేవి. బయటికి వెళ్తే చెయ్యి జేబులోనే. ఇంట్లో ఉంటే నేను. ఎవరైనా వచ్చిన అలికిడి వింటే చాలు, పని ఉన్నా లేకపోయినా నన్ను అందుకుని స్విచ్చి వేసేవాడు. మూతికి బిట్టు కూడా లేకుండా ఊరికే తిరిగిన రోజులు చాలా ఉన్నాయి.

ఆయనకు ఖాజా అని పాత స్నేహితుడు ఉన్నాడు, టింకరింగ్ మేస్త్రీ. సొట్టలు పోయిన బండ్లను సుత్తితో సాపు చేయడం ఆయన పని. ఒకరోజు ఖాజా వచ్చి కాసేపు చూసి, "ఏందన్నా, ఈ మిషనుతో నువ్వు అంబాసిడర్ చేస్తావా? పచ్చడి చేస్తావు గానీ. మార్చెయ్ దీన్ని," అన్నాడు. మంచి కోరే అన్నాడు. చెడ్డ కోరేవాళ్ళు చేసే నష్టానికి ఒక అంతుంటుంది.

ఆ మాట తులశమ్మ పట్టుకుంది. మర్నాడు ఫాల్స్ చీరలు ఇచ్చి వస్తానని వెళ్ళి, మధ్యాహ్నం అన్నం వేళకు ముఖమంతా వెలిగిపోతూ తిరిగి వచ్చింది. చేతిలో పెట్టె ఉంది. పెట్టెలో సాంబమూర్తి కొట్టులోని ఆ పొట్టిది, నునుపుది. "ఆయన మిమ్మల్ని గుర్తుపెట్టుకున్నాడండీ. నెమ్మది అడిగినాయన కదా అన్నాడు. ఇది అసలు అదరదంట. నాకు చేతిలో పెట్టి చూపించాడు, కోడిపిల్లని పట్టుకున్నట్టుంది," అంది.

భావనారాయణ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు.

"పట్టుకోండి మరి! నేను చూస్తా."

"అన్నం తిన్నాక చూద్దాంలే."

"అన్నం ఎక్కడికి పోద్ది? ఒక్కసారి."

బల్లమీద తెల్ల అంబాసిడర్ ఉంది. పాడైన రెండింటి తర్వాత ఎలాగో గట్టెక్కిన మూడోది. చక్రాలు కుదిరాయి, తెల్లరంగు ఎండింది, ఇక పక్కన గీత లాగడమే తరువాయి. గీతకు ముందు తలుపు అంచున చిన్న మెరక ఉంటే దాన్ని సాపు చేయాలి. ఆయన కొత్తదాన్ని తీసుకున్నాడు. తులశమ్మ స్విచ్చి నొక్కింది. నా రొదకు అలవాటుపడిన ఆ గదిలో ఇప్పుడు ఫ్యాను చప్పుడు మాత్రమే ఉంది. రాయి తలుపుకు తగిలింది. తగిలి, వదిలి, తగిలి, వదిలి, తెల్లరంగు మీద చీమలు పాకిన దారిలా ఒక గీర పడింది.

తులశమ్మ మిషను వంక చూసింది. తన అరచేతిని దాని వీపుమీద ఆనించింది. అది నిలకడగా ఉంది. చేతిని కొంచెం కిందికి జరిపి ఆయన మణికట్టు మీద పెట్టింది. అక్కడే ఉంచింది.

"ఇది కూడా అదురుతుందేంటండీ?" అంది.

"ఇది అదరట్లేదు, తులసీ," అన్నాడు భావనారాయణ.

తులశమ్మ స్విచ్చి ఆపి, ఆయన చేతిలోంచి దాన్ని తీసి బల్లమీద పెట్టింది. అన్నం నిజంగానే చల్లారిపోయింది. సొరుగు పక్కన పడి ఉన్న నాకు గెలిచినట్టు ఉండాలి, ఆ పొట్టిదానికంటే నేనే పనికొచ్చానని. అలా అనిపించలేదు. నాకు ఏడుపు వచ్చింది, ఏడవడానికి కరెంటు లేదు.

"ఏడాది నుంచి మంచిదే మంచిదే అని నేనే అన్నాను," అని తులశమ్మ మధ్యమధ్యలో అనుకునేది. ఆయన్ని ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నిజమైన చేతుల విషయంలో చూశాను. డాక్టరు ఒక పేరు చెప్పాడు. ఆ పేరు ఇంట్లో ఎవరూ పలకలేదు. తగ్గేది కాదన్నాడు. మందు వేసుకుంటే కొంతకాలం కొంచెం నిమ్మళంగా ఉంటుందని, ఆ తర్వాత మందు కూడా అలసిపోతుందని చెప్పాడు. "రంగుల పని మానేయండి," అన్నాడట. తులశమ్మ ఆ మాట ఇంటికి వచ్చాక కూడా ఆయనకు మళ్ళీ చెప్పలేదు.

తలుపు మీది గీర కనబడకుండా మళ్ళీ తెల్లరంగు వేశారు. మందుబిళ్ళ వేసుకున్నాక పొద్దున పూట చెయ్యి కాసేపు మాట వినేది. ఆ కాసేపట్లో గీత గీయాలని ఆయన పట్టుదల. ఉడత తోక వెంట్రుకల సన్న కుంచె తీసి, రంగు అద్ది, ఊపిరి బిగబట్టేవాడు. పక్కన తులశమ్మ కూడా ఊపిరి బిగబట్టేది. గీత ముందు తలుపు దాకా గీతలాగే వచ్చేది. వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి అది గీత కాదు. తిన్నరుతో తుడిచేవాడు. మర్నాడు మళ్ళీ ఆశ. మర్నాడు మళ్ళీ తిన్నరు. వేలెడంత కారు అది. లారీ పొడుగునా ఒక్క ఊపిరిలో నడిచిన చెయ్యి, ఆ వేలెడు దూరం నడవలేకపోయింది.

సంఘం పండగ దగ్గరికి వచ్చేసింది. తులశమ్మ చెప్పిందో, తనే కనిపెట్టాడో, ఒకరోజు ఖాజా వచ్చి ఏమీ అడగకుండా జేబులోంచి చిన్న కాగితం తీసి బల్లమీద పెట్టాడు. అందులో వెంట్రుకంత సన్నగా కోసిన ఎర్ర స్టిక్కర్ పట్టీ ఉంది. తన లారీలను ఊడ్చుకుపోయిన స్టిక్కరు భావనారాయణ ఇంటికి కూడా వచ్చింది. ఆయన దానివంక చాలాసేపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"నువ్వే అంటించు, ఖాజా," అన్నాడు. "నా చేత్తో అంటిస్తే అది కూడా వంకర పోద్ది."

ఖాజా అంటించాడు. సుత్తి పట్టే ఆ మోటు వేళ్ళు తడబడకుండా అంటించాయి. గీత తిన్నగా, బ్రహ్మాండంగా ఉంది. అందులో ప్రాణం లేదన్న సంగతి ఆ గదిలో ఉన్న ముగ్గురికీ, నాకూ తెలుసు.

పండగకు భావనారాయణ వెళ్ళలేదు, జ్వరమని కబురు పంపాడు. ఖాజా తిరిగి వచ్చి అక్కడ ఏమన్నారో చెప్పాడు. చెప్పక తప్పలేదు, ఆయన అడిగాడు కాబట్టి. అద్దాల పెట్టె ముందు జనం గుమిగూడి, "చెయ్యి అంటే భావనారాయణదే చెయ్యి! స్టిక్కరు కూడా ఇంత తిన్నగా రాదు," అన్నారట. భావనారాయణ విని నవ్వాడు. అలాంటి నవ్వును నేను మళ్ళీ చూడదలచుకోలేదు.

మనుషులకు గౌరవించాలని బుద్ధి పుడితే ఆపడం కష్టం. ఆయన రాకపోతే మేమే వస్తామని సంఘం ప్రెసిడెంటు దశరథరామయ్య శాలువా, పూలదండ, ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. వెనకాల ఖాజా. ప్రెసిడెంటు కూడా ఒకప్పటి మెకానిక్కే, ఇంజన్లు విప్పి బతికిన మనిషి. కాఫీలు అయ్యాక, "శాలువా తర్వాత. ముందు పని చేస్తున్నట్టు ఒక ఫొటో కావాలి. హాల్లో కారు పక్కన పెడదాం," అన్నాడు.

తులశమ్మ ఖాజాను చూసింది. ఖాజా నేల చూపులు చూశాడు. బల్లమీద ఆ పొట్టి మిషను సిద్ధంగానే ఉంది.

"అది కాదు," అన్నాడు భావనారాయణ. "తులసీ, నా పాతది ఇట్టా ఇవ్వు."

తులశమ్మ సొరుగు లాగి నన్ను బయటికి తీసింది. నడుముకు ఆవిడ చుట్టిన సైకిల్ ట్యూబు అలాగే ఉంది. నన్ను ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే నా చుట్టూ మూసి, స్విచ్చి తనే నొక్కింది. ఎన్నాళ్ళకో నేను తిరిగాను. ఇద్దరం కలిసి అదిరాం. మునుపు నా అదురు పెద్దది, ఆయనది చిన్నది. ఇప్పుడు నేను ఎంత గింజుకున్నా ఆయనదే పైన ఉంది.

"కొంచెం కదలకుండా పట్టుకోండి సార్," అన్నాడు ఫొటోగ్రాఫరు.

"ఏంటయ్యా, అంతగా అదురుతోంది?" అన్నాడు ప్రెసిడెంటు.

"పాత మిషనండీ. ఎంత చెప్పినా వినరు, ఈయనకి ఇదే అలవాటు," అంది తులశమ్మ. చీరకు ఫాలు తగిలించినంత నేర్పుగా అంది.

"అయితే మిషనుదే తప్పన్నమాట. ఫరవాలేదు, తియ్యవయ్యా ఫొటో."

అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగాయి. నేనూ ఆగాను. నా మూతికున్న బిట్టు తిరగడం మానేసింది, కానీ దాని మొన గాలిలో సున్నాలు చుడుతూనే ఉంది. కింద రంగు సీసా ఉంది. నా ఒళ్ళు దానికి తగిలి టకటకమని చప్పుడు చేస్తోంది. అందరూ ఆ చప్పుడు విన్నారు. ఫొటోగ్రాఫరు కెమెరా దించాడు. ఆగమని ఆయన చేతికి ఎంత చెప్పుకున్నానో నాకే తెలుసు. నేను చెప్పిన మాట వినే చెయ్యి కాదది, ఆయన చెప్పిన మాటా వినదు.

తులశమ్మ వంగి తన రెండు చేతులూ ఆయన చేతిమీద మూసింది.

"పాడు మిషను!" అంది. "కరెంటు పోయినా దీని అదురు పోదండీ."

ఇంజన్లు విప్పి బతికిన దశరథరామయ్య నా వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు.

"అంతేనమ్మా," అన్నాడు. "పాత మిషన్లు అంతే. కరెంటు పోయినా కాసేపు అదురుతాయి."

ఆ తర్వాత శాలువా కప్పారు. ప్రెసిడెంటే స్వయంగా కప్పాడు. భుజాల మీద కప్పాల్సిన దాన్ని ముందుకు లాగి, కుడిచేతి మీదుగా, నా మీదుగా కూడా కప్పాడు. ఆ చీకట్లో భావనారాయణ నన్ను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, నా ఇరుసు సరైన చోటికి జరుగుతుందేమో అనుకున్నాను. జరగలేదు.

ఇప్పుడు నేను కుట్టుమిషను సొరుగులో ఉంటున్నాను, దారపు ఉండలకూ విరిగిన సూదులకూ మధ్య. మళ్ళీ నన్ను ఎవరూ అడగలేదు. ఆ పొట్టిదాన్ని ఖాజా తీసుకుపోయాడు. తులశమ్మ మిషను తొక్కుతుంటే బల్ల అదురుతుంది, బల్లతోపాటు సొరుగు, సొరుగుతోపాటు నేను. అప్పుడప్పుడు ఆవిడ దారం మార్చడానికి కాలు ఆపుతుంది. ఇల్లు నిశ్శబ్దమవుతుంది. పక్క గదిలో కంచం అంచుకు గ్లాసు తగులుతూ టకటకమంటుంది.

ఆవిడ ఒక్క క్షణం వింటుంది. దారం ఎక్కించకుండానే మళ్ళీ తొక్కుతుంది.